చీటీ బిడ్డ పేరున, కథ ఇంటిల్లిపాదిదీ

బెంగళూరు హోసూరు రోడ్డులో డెయిరీ సర్కిల్ చుట్టుపక్కల తిరిగే ఆటోవాళ్లకు సీమ మనుషుల్ని చూస్తే అడ్రసు అడగనక్కర్లేదు. తండ్రి చేతిలో స్కానింగ్ కవరు, తల్లి భుజాన జోగుతున్న బిడ్డ, వెనక కొంగు సర్దుకుంటూ ఓ ముసలమ్మ. "నిమ్‌హాన్సా?" అని వాళ్లే అంటారు, ఆ పెద్ద మానసిక ఆసుపత్రి పేరు. హిందూపురంలో చీకటితో రైలెక్కినవాళ్లు, కదిరి నుంచో మదనపల్లె నుంచో బస్సులో వచ్చి మెజెస్టిక్‌లో దిగినవాళ్లు, అనంతపురం నుంచి రాత్రంతా ప్రయాణం చేసినవాళ్లు పొద్దెక్కేసరికి ఓపీ వరసలో ఉంటారు. కన్నడం, తమిళం, ఉర్దూ, బెంగాలీల మధ్య తెలుగు వినపడుతూనే ఉంటుంది.

పిల్లల్ని తీసుకొచ్చినవాళ్లను పంపేది చైల్డ్ అండ్ అడాలసెంట్ సైకియాట్రీ విభాగానికి. మాట రాని పిల్లలు, మాట వినని పిల్లలు, బడికి పోనని మొండికేసేవాళ్లు, బడికి పోయి అక్కడ స్పృహ తప్పేవాళ్లు. వీళ్ల కథ మొదట వినేది చాలాసార్లు పెద్ద డాక్టరు కాదు. ముందు తెల్ల కాగితాల కట్ట పెట్టుకుని కూర్చున్న పాతికేళ్ల ట్రైనీ. సైకియాట్రీ పీజీ కావచ్చు, సైకియాట్రిక్ సోషల్ వర్క్ విద్యార్థి కావచ్చు, క్లినికల్ సైకాలజీ చదివే అమ్మాయి కావచ్చు. వచ్చినవాళ్లకు లోపల కాస్త నిరాశే. ఇంతదూరం వచ్చింది ఈ పిల్లకు చెప్పుకోడానికా అనిపిస్తుంది. ఆ అమ్మాయి అడగడం మొదలుపెట్టాక, ఎక్కడా ఎవరూ అడగని సంగతులు ఒక్కొక్కటే బయటికొస్తుంటే, కుర్చీ ముందుకు జరుపుకుంటారు.

దేశంలో పిల్లల మనసు చూసే మనుషులు తయారయ్యే చోట్లలో ఇది పాతది, పెద్దది. దీని వయసు చెప్పాలంటే పిచ్చాసుపత్రి రోజులకు పోవాలి. 19వ శతాబ్దంలో బెంగళూరు పేటలో నడిచిన లూనటిక్ అసైలం పేరును మైసూరు ప్రభుత్వం 1925లో మెంటల్ హాస్పిటల్‌గా మార్చింది. దివాన్ మిర్జా ఇస్మాయిల్ కాలంలో, 1930ల నడుమ, ఊరి బయట ఇప్పుడున్న స్థలానికి తరలించింది. ఇవాళ అది ఊరి నడిబొడ్డు. స్వాతంత్ర్యానికి ముందే, 1946లో, భోర్ కమిటీ మానసిక వైద్యులకు మన దేశంలోనే శిక్షణ ఇచ్చే సంస్థ ఉండాలని సిఫారసు చేసింది. అలా 1954లో ఆలిండియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెంటల్ హెల్త్ ఈ ఆవరణలో మొదలైంది. తొలి డైరెక్టరు డాక్టర్ ఎం.వి. గోవిందస్వామి. మరుసటి ఏడు వైద్యులకు ఒక డిప్లొమా, సైకాలజీ చదివినవాళ్లకు మెడికల్ సైకాలజీ పేరుతో ఇంకో డిప్లొమా పెట్టారు. దేశంలో క్లినికల్ సైకాలజిస్టుల శిక్షణకు ఆ రెండో డిప్లొమాయే మొదలు. ఆసుపత్రి, శిక్షణ సంస్థ కలిసి 1974లో నిమ్‌హాన్స్ అయ్యాయి.

ఆ డిప్లొమా పేర్లు మార్చుకుంటూ ఎం.ఫిల్ అయింది. ఎం.ఏ. గానీ ఎమ్మెస్సీ గానీ సైకాలజీ చేశాక రెండేళ్లు. రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా గుర్తింపు, ఆ తర్వాత కౌన్సిల్ రిజిస్టరులో పేరు. అప్పుడే క్లినికల్ సైకాలజిస్టు. వీళ్లు మందు రాయరు. పరీక్షిస్తారు, మాట్లాడతారు, మాట్లాడిస్తారు, ఇంట్లోవాళ్లకు నేర్పుతారు. రెండేళ్లలో పెద్దల వార్డు, మెదడు పనితీరు పరీక్షలు, కుటుంబ చికిత్స, పిల్లల విభాగం అన్నీ తిరగాలి. ఒక్కొక్కదాన్ని పోస్టింగ్ అంటారు. సైకాలజీ ఎమ్మెస్సీ చదివే బయటి విద్యార్థులు కొద్ది వారాల ఇంటర్న్‌షిప్‌కి వస్తారుగానీ అది పక్కన కూర్చుని చూడటం వరకే.

పెద్దల వార్డులో నెగ్గుకొచ్చినవాళ్లు కూడా పిల్లల పోస్టింగ్‌లో తడబడతారు. పెద్దమనిషి ఎదురుగా కూర్చుని తన బాధ తనే చెబుతాడు. పిల్లాడు తన బాధ చెప్పడానికి రాడు, వాడిని తీసుకొస్తారు. చీటీ మీద వాడి పేరుంటుంది. ఫిర్యాదు తల్లిది, కోపం తండ్రిది, అసలు సంగతి మూల కూర్చున్న నానమ్మకు తెలుసు.

అరిసెలు ఎప్పుడు పంచారమ్మా?

పిల్లల విభాగంలో మొదటి పాఠం చరిత్ర తీసుకోవడం. వాళ్ల మాటలో వర్కప్. కడుపుతో ఉన్నప్పటి నుంచి మొదలవుతుంది. నెలలు నిండాయా? పుట్టగానే ఏడ్చాడా? అద్దాల పెట్టెలో పెట్టారా? మెడ ఎప్పుడు నిలిపాడు? ఎప్పుడు కూర్చున్నాడు, ఎప్పుడు నడిచాడు? మొదటి మాట ఏది? ఏడాది అటూ ఇటూగా ఒక్కో మాట రావాలి, రెండేళ్లకు రెండు మాటలు కలపాలి. మాటలు ఒక్కటే ఆలస్యమా, అన్నీ ఆలస్యమా, వచ్చిన మాటలు పోయాయా? ఈ మూడింటికీ దారులు వేరు. అందుకే తేదీలు కావాలి.

ముగ్గురు పిల్లల్ని పెంచిన తల్లిని 'ఎన్నో నెలలో కూర్చున్నాడు' అంటే ఏం చెబుతుంది? "అందరి మాదిరే మేడం." ట్రైనీ కాగితం మీద అదే రాసుకుంటే ఆ వర్కప్ ఎందుకూ పనికిరాదు. తెలుగు తెలిసిన ట్రైనీకి ఇక్కడ ఒక దారి ఉంది. చాలా తెలుగిళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు పంచుతారు, అడుగేస్తే అరిసెలు, మాటలొస్తే చిలకలు. నెలలు గుర్తులేని తల్లికి అరిసెల పిండి కొట్టిన రోజు గుర్తుంటుంది. అది సంక్రాంతికి ముందా తర్వాతా, ఆడబిడ్డ పెళ్లికి ముందా తర్వాతా అన్నది నానమ్మ సరిదిద్దుతుంది. "ఈనికి అరిసెలు పంచనేలేదు కదమ్మా, రెండో ఏడు దాటినాక గదా నడిచింది" అని ఆమె అన్నప్పుడు ట్రైనీ కలం ఆగుతుంది. తల్లి తలదించుకుంటుంది. కొలత కాగితంలో ఒక అంకె, ఇంటి లోపలి ఒక నొప్పి ఒకేసారి దొరుకుతాయి. రెంటినీ పట్టుకోవడమే పిల్లల పోస్టింగ్.

దేశం నలుమూలల నుంచీ వచ్చే ట్రైనీలకు ఇదంతా ఎలా తెలుస్తుంది? తెలియదు. కన్నడం రానివాళ్లు మొదటి నెలల్లోనే పనికి సరిపడా కన్నడం నేర్చుకుంటారు. తెలుగు కుటుంబం వస్తే తెలుగొచ్చిన సహాధ్యాయిని పిలుచుకుంటారు, లేదంటే హిందీ, కన్నడం కలిపి నెట్టుకొస్తారు. నెట్టుకొచ్చినప్పుడు అరిసెలు జారిపోతాయి. నా మట్టుకు, పిల్లల మానసిక వైద్యంలో అన్నిటికన్నా ఖరీదైన పనిముట్టు ఆ ఇంటి భాష.

చరిత్ర అయ్యాక వంశవృక్షం గీస్తారు. మూడు తరాలు. మగవాళ్లకు చతురస్రం, ఆడవాళ్లకు వృత్తం, పెళ్లికి ఒక అడ్డగీత. బిడ్డ దగ్గర బాణం గుర్తు. మేనరికమైతే గీత రెండవుతుంది. దక్షిణాదిలో ఆ జంట గీత గీయని వారం ఉండదేమో. మేనమామనో మేనబావనో చేసుకున్నవాళ్ల పిల్లల్లో కొన్ని జన్యు సమస్యలకు అవకాశం ఎక్కువ కాబట్టి ఆ ప్రశ్న అడిగి తీరాలి. అడిగే తీరు వేరే విద్య. 'దగ్గర సంబంధమా?' అని ట్రైనీ అనగానే గదిలో ఎవరు ఎవరి వంక చూశారో గమనించమంటారు. సొంత తమ్ముడికి కూతుర్నిచ్చిన అమ్మమ్మ అక్కడే ఉంటుంది. ఆ సంబంధం వద్దన్న తాత ఉంటాడు. ఏళ్లుగా ఎవరూ ఎత్తని తగువు ఆ ఒక్క ప్రశ్నతో లేస్తుంది. ఇది ఎవరి తప్పూ తేల్చే చోటు కాదనీ, మేనరికం చేసుకున్న ఎన్నో ఇళ్లలో పిల్లలు హాయిగా ఉన్నారనీ, ఈ బిడ్డకు ఇప్పుడేం చేయాలన్నదే పని అనీ చెప్పి గదిని మళ్లీ బిడ్డ వైపు తిప్పాలి. పాతికేళ్ల మనిషి, అరవై ఏళ్లవాళ్ల ముందు. పుస్తకంలో ఈ అధ్యాయం ఉండదు.

పది చెక్క ముక్కలు

క్లినికల్ సైకాలజీ గదిలో అందరికీ తెలిసిన వస్తువు సెగ్విన్ ఫారం బోర్డు. 19వ శతాబ్దపు ఫ్రెంచి వైద్యుడి పేరు మీద ఉన్న చెక్క పలక. అందులో పది గుంటలు: గుండ్రం, చదరం, త్రికోణం, నక్షత్రం, కూడిక గుర్తు, అర్ధవృత్తం వగైరా. ముక్కలన్నీ తీసి పిల్లాడి ముందు దొంతులుగా పెడతారు. 'ఎంత త్వరగా పెట్టగలవో చూద్దాం' అంటారు. మూడుసార్లు పెట్టిస్తారు, స్టాప్‌వాచ్‌తో కొలుస్తారు, మూడింటిలో తక్కువ పట్టిన సమయం లెక్కలోకి తీసుకుంటారు. దాన్నిబట్టి మానసిక వయసు అంచనా.

పరీక్ష మూడు నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. ట్రైనీ నేర్చుకోవాల్సింది ఆ నిమిషాల్లో ఇంకేం చూడాలన్నది. ఒకడు నక్షత్రాన్ని కూడిక గుర్తు గుంటలో పెట్టి బలంగా కొడతాడు. ఇంకొకడు ఒక్కో ముక్క పెట్టి తల్లి ముఖం చూస్తాడు, ఆమె తలాడిస్తే గానీ రెండోది తీయడు. ఒకమ్మాయి గబగబా పెట్టేసి మళ్లీ అన్నీ తీసి రంగుల వారీగా పేర్చాలని చూస్తుంది, రంగులు లేవు కాబట్టి ఏడుస్తుంది. కొందరు తండ్రుల చెయ్యి బల్ల అంచు దాకా వచ్చేస్తుంది. 'అన్నా, మీరు కాసేపు బయట కూర్చోండి' అని చెప్పడం కూడా శిక్షణే. సెకన్లు ఎవరైనా కొలుస్తారు. చివరికి నివేదికలో పనికొచ్చేది ఆ తల్లి తలాడింపు.

ఇంకా పరీక్షలుంటాయి. వి.వి. కామత్ 1930ల్లో ధార్వాడ ప్రాంతంలో కన్నడ, మరాఠీ పిల్లల కోసం మలిచిన బినే కామత్ పరీక్ష, నాగపూర్‌లో మాలిన్ తయారుచేసిన పిల్లల తెలివితేటల పరీక్ష. చదువులో వెనకబడ్డవాళ్లకు నిమ్‌హాన్స్‌లోనే రూపొందిన లెర్నింగ్ డిజెబిలిటీ పరీక్ష. కొన్ని బాగా పాతబడ్డాయి. స్మార్ట్‌ఫోను తెరిచి పాట పెట్టుకునే పిల్లాడిని వాడి ముత్తాత కాలపు కొలబద్దతో కొలుస్తున్నామన్న సంగతి వాడేవాళ్లకూ తెలుసు. కొత్తవి ఖరీదు, తెలుగులో సరైన ప్రమాణాలతో ఉన్నవి తక్కువ.

మన దగ్గర ఐక్యూ పరీక్ష అనగానే గుర్తొచ్చేది సదరం, అంటే వైకల్య ధ్రువీకరణ. సర్టిఫికెట్ ఉంటే పింఛను, బస్సు పాసు. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ఆటిజాన్నీ, చదువులో ప్రత్యేక ఇబ్బందులనూ కలిపి 21 రకాలను గుర్తించాక వరసలు పెరిగాయి. తల్లిదండ్రుల్ని తప్పుపట్టే పని లేదు, అది వాళ్ల హక్కు. కానీ శిక్షణ పేరుతో ట్రైనీల చేత పొద్దున్నుంచి సాయంత్రం దాకా అంకెలే వేయించి పంపే కేంద్రాలు దేశంలో ఉన్నాయి. అలా తయారైనవాళ్లు బిడ్డకు ఒక అంకె ఇవ్వగలరు. ఆ అంకెతో ఇంటికెళ్లి ఆ తల్లి రేపు పొద్దున ఏం చేయాలో చెప్పలేరు.

అమ్మ కూడా అడ్మిషనే

నిమ్‌హాన్స్ పిల్లల వార్డులో చేరిన బిడ్డతో ఇంట్లోవాళ్లు ఒకరు ఉంటారు. మనకు ఇందులో వింత కనిపించదు. ఆసుపత్రిలో మనిషి ఉన్నాడంటే పక్కన చాప పరుచుకుని ఇంకో మనిషి ఉండాల్సిందే. కానీ మానసిక వైద్యంలో ఇది గట్టిగా పోరాడి తెచ్చుకున్న పద్ధతి. 1950ల్లో అమృత్‌సర్ మానసిక ఆసుపత్రి సూపరింటెండెంట్ డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో డేరాలు వేయించి రోగుల కుటుంబాలను అక్కడే ఉంచారు. గదుల కొరత ఒక కారణం. ఇంటివాళ్లు దగ్గరుంటే రోగులు త్వరగా కోలుకుని వెళ్తున్నారని ఆయన గమనించారు. వేలూరు, తర్వాత బెంగళూరు అదే దారి పట్టాయి. ప్రపంచంలో చాలాచోట్ల తల్లిదండ్రుల్ని గేటు బయట ఆపుతున్న కాలం అది.

శిక్షణకు ఇది ఎంత లాభమో వార్డులో ఒక పూట చూస్తే చాలు. ఓపీలో 'అన్నం తినడు' అన్న మాట వింటారు. వార్డులో ఆ భోజనం కళ్లారా చూస్తారు. తల్లి ముద్ద కలిపి వెంటపడుతుంది, చూడటానికి వచ్చిన తాత ఫోను చేతికిస్తాడు, సాయంత్రం ఫోనులో తండ్రి ఇద్దర్నీ తిడతాడు. అమ్మ దగ్గర ఒక చట్టం, తాత దగ్గర ఇంకొకటి, నాన్న దగ్గర మూడోది. నాలుగేళ్లవాడు మూడు చట్టాలూ చదివేసి తన దారి తను చూసుకున్నాడు. ఇక్కడ ట్రైనీ చేసే పని వినడానికి చాలా చిన్నది. ఒకసారికి ఒకే మాట చెప్పండి, చిన్నగా చెప్పండి, చెప్పినపని చేస్తే వెంటనే మెచ్చుకోండి, ఏడ్చినప్పుడల్లా ఫోను ఇవ్వకండి. రాసిస్తే అరపేజీ రాదు. ముగ్గురు పెద్దల్ని దీనికి ఒప్పించడానికి పది రోజులు పట్టినా ఆశ్చర్యం లేదు.

అలవాటు లేని ట్రైనీ ఇక్కడ చేసే పొరపాటు బిడ్డ పక్షాన నిలబడి తల్లిని మందలించడం. పర్యవేక్షణలో మొదట దులిపేది దాన్నే. కేసు షీటులో 'తల్లి సహకరించడం లేదు' అని రాస్తే కన్సల్టెంటు అడుగుతారు: ఏం చేయమన్నావు, ఎప్పుడు చేయమన్నావు, ఆ టైములో ఆమె ఇంకేం చేస్తోంది? రెండో కాన్పు అయి మూడు నెలలైన తల్లి, కూలికి పోయే తల్లి, అత్త మాట దాటలేని తల్లి, తాగొచ్చే మనిషిని కాసుకునే తల్లి. 'సహకరించడం లేదు' అన్న రెండు మాటల్లో ఇదంతా మాయమైపోతుంది.

ఇంకో గట్టి పాఠం స్పృహ తప్పే అమ్మాయిల దగ్గర. తొమ్మిదో తరగతి, పదో తరగతి. స్కానింగులన్నీ తీయించారు, ఏమీ లేదు. ఊళ్లో గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టారు. ప్రైవేటు డాక్టరు 'నటిస్తోంది, నాలుగు తగిలించండి' అని పంపాడు. ట్రైనీకి నేర్పేది రెండు వాక్యాలు: రోగం లేదన్నంత మాత్రాన బాధ లేదని కాదు, ఆ అమ్మాయి కావాలని చేయడం లేదు. ఆ తర్వాత బడి గురించి, పెళ్లి మాటల గురించి, ఇంటికొచ్చిపోయే బంధువుల గురించి, తొందరపడకుండా, ఆ అమ్మాయితో ఒంటరిగా మాట్లాడటం. ఒక్కోసారి వినకూడనిది వినాల్సి వస్తుంది. అప్పుడు 'ఎవరికీ చెప్పను' అని మాటివ్వకూడదు. 2012 పోక్సో చట్టం ప్రకారం పిల్లల మీద లైంగిక దాడి సంగతి తెలిసిన ఎవరైనా అధికారులకు తెలియజేయాలి. 'నువ్వు చెప్పింది నీ క్షేమం కోసం కొందరికి చెప్పాల్సి రావచ్చు, ఎవరికి చెప్పేదీ ముందు నీకే చెబుతాను' అని మొదటి రోజే చెప్పడం నేర్పుతారు. ఈ మాట నోరు తిరగడానికి చాలా మందికి చాలాకాలం పడుతుంది.

పర్యవేక్షణ ఈ చదువుకు ప్రాణం. ట్రైనీ చూసిన ప్రతి కుటుంబాన్నీ పెద్దలకు ప్రెజెంట్ చేయాలి. కుటుంబ చికిత్సలో గురువు అద్దం అవతల నుంచో, అదే గదిలో కూర్చునో చూస్తారు. అమెరికాలో ఫిలడెల్ఫియా చైల్డ్ గైడెన్స్ క్లినిక్‌లో సాల్వడోర్ మినూచిన్ 1960ల చివర ఇంకో అడుగు ముందుకేశారు. డిగ్రీలు లేని పేదపేటల మనుషుల్నే తీసుకుని, వాళ్లు కుటుంబాలతో మాట్లాడుతుంటే అక్కడికక్కడే దిద్దుతూ కౌన్సెలర్లుగా తయారుచేశారు. డాక్టర్ల కొరత ఉన్న దేశానికి ఆ ప్రయోగం ఎక్కువ పనికొస్తుంది.

పోస్టింగ్ ముగిసేటప్పుడు ఇంకో చిక్కు. పిల్లలు ట్రైనీని 'అక్క' అంటారు. ఆరు వారాలు నోరు విప్పని పిల్ల ఏడో వారం బొమ్మల చేత మాట్లాడించడం మొదలుపెడుతుంది, పదో వారానికి అక్క వేరే వార్డుకు పోతుంది. చెప్పకుండా మాయమైతే ఆ పిల్ల జీవితంలో చెప్పకుండా మాయమైన పెద్దల జాబితాలో ఇంకో పేరు చేరుతుంది. అందుకే వారాల ముందే చెప్పాలి, క్యాలెండరులో గుర్తు పెట్టి చూపాలి, వచ్చే కొత్త అక్కను పరిచయం చేయాలి. పిల్ల అలిగితే అలగనివ్వాలి. ట్రైనీల డైరీల్లో కేసుల కన్నా ఈ వీడ్కోళ్లే ఎక్కువ చోటు తీసుకుంటాయని నా అనుమానం.

గేటు దాటాక

ఇంతవరకూ చెప్పింది ఆవరణ లోపలి సంగతి. అసలు చదువు గేటు బయట ఉందని ఇక్కడివాళ్లే యాభై ఏళ్ల కిందట అన్నారు. 1975లో డాక్టర్ ఆర్.ఎల్. కపూర్ నాయకత్వంలో కమ్యూనిటీ సైకియాట్రీ విభాగం మొదలై, ఊరి బయట సకలవార పల్లెలో కేంద్రం పెట్టుకుంది. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం సిబ్బందికే గుర్తుపట్టడం, చూడటం నేర్పాలన్నది ఆలోచన. అదే 1985లో బళ్లారి జిల్లాకు వెళ్లింది. బళ్లారి నమూనా చూసి 1996లో కేంద్రం జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమాన్ని నాలుగు జిల్లాల్లో మొదలుపెట్టినప్పుడు అందులో ఒకటి మన మెదక్.

పిల్లల వైపు ఆ పని చేసింది క్లినికల్ సైకాలజిస్టు మాళవిక కపూర్. బెంగళూరు బడుల్లో టీచర్లను కూర్చోబెట్టి పిల్లల మనసు సంగతులు చెప్పడం ఆమె 1970ల్లోనే మొదలుపెట్టారు. అల్లరి చేసేవాడిని టీచరు ఎలాగూ పట్టుకుంటారు, మూల కూర్చుని మాట్లాడని పిల్లను కూడా పట్టుకోవడం నేర్పాలన్నది ఆ పాఠాల్లో ఒకటి. తర్వాత డాక్టర్ శోభా శ్రీనాథ్ బృందం బెంగళూరు నగరంలో, మురికివాడల్లో, చుట్టుపక్కల పల్లెల్లో 2,064 మంది పిల్లల్ని పరిశీలించింది. 2005లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం పదహారేళ్ల లోపు పిల్లల్లో 12.5 శాతానికి ఏదో ఒక మానసిక సమస్య ఉంది. మధ్యతరగతి ఇళ్లకూ, మురికివాడలకూ, పల్లెలకూ పెద్దగా తేడా లేదు. 2015-16 జాతీయ సర్వే 13 నుంచి 17 ఏళ్లవాళ్లలో 7.3 శాతం అంది. అడిగిన తీరు, వయసులు వేరు కాబట్టి రెండంకెల్ని పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. ఏ లెక్క తీసుకున్నా ఓపీ వరసలో పట్టే సంఖ్య కాదు.

కర్ణాటక మహిళా శిశు అభివృద్ధి శాఖ అండతో 2014లో నిమ్‌హాన్స్ పిల్లల విభాగం నుంచే ఒక కమ్యూనిటీ ప్రాజెక్టు మొదలైంది. డాక్టర్ శేఖర్ శేషాద్రి, ఆయన సహచరులు అంగన్‌వాడీలకు, బడులకు, ఆరోగ్య కేంద్రాలకు, అనాథ పిల్లల వసతి గృహాలకు వెళ్లారు. 2020లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ సాయంతో 'సంవాద్' ఏర్పడి, ఆ అనుభవాన్ని ఇతర రాష్ట్రాలకూ తీసుకెళ్లింది. బాలల సంక్షేమ సమితి సభ్యులు, వసతి గృహాల వార్డెన్లు, టీచర్లు, న్యాయాధికారులు అందులో విద్యార్థులు.

అంగన్‌వాడీకి వెళ్లిన ట్రైనీకి బల్ల ఉండదు, స్టాప్‌వాచ్ తీయడానికి చోటుండదు. ఇరవై మంది పిల్లలు చాపల మీద, పక్కన గుడ్లు ఉడుకుతుంటాయి. టీచరు ఒక చేత్తో రిజిస్టరు రాస్తూ 'ఆ చివర పిల్లోడున్నాడే, వాడు పిలిస్తే చూడడు' అంటుంది. నాలుగేళ్ల పిల్లల్ని పదేళ్లుగా చూస్తున్న మనిషి మాట అది. ఆ మాట విని, ఆ పిల్లాడి పక్కన చాప మీద కూర్చుని, వాడు వరసలో పెట్టుకున్న సీసా మూతల్లో తనదీ ఒకటి చేర్చి, వాడు ఏం చేస్తాడో చూడాలి. తర్వాత వాడి ఇంటికెళ్లాలి. ఒకటే గది. అందులోనే వంట, టీవీ, నిద్ర. 'ప్రశాంతమైన చోట కూర్చోబెట్టి చదివించండి' అని ఓపీలో ఎంత మందికి చెప్పిందో ఆ ట్రైనీ అమ్మాయికి గుర్తొస్తుంది.

అయినా రెండేళ్ల కోర్సులో ఈ గేటు బయటి రోజులు కొన్నే. మిగతాదంతా వార్డు, ఓపీ, థీసిస్. దేశమంతా అంతే, చాలా కేంద్రాల్లో ఇంతకన్నా తక్కువ. అంగన్‌వాడీని ఒక క్షేత్ర పర్యటనగా చూపి పంపేస్తే, రేపు ఆ ట్రైనీ జిల్లా ఆసుపత్రిలో చేరినా తలుపేసుకుని ఐక్యూలే తీస్తాడు. పోస్టింగులను తలకిందులు చేసి, సగం కాలం బడిలో, అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో పెడితే తప్ప ఇది మారదని నేననుకుంటాను. ఇప్పుడు అదను కూడా ఉంది. ఎం.ఫిల్‌ను ఎత్తేసిన యూజీసీ క్లినికల్ సైకాలజీకి 2025-26 ప్రవేశాల దాకా గడువిచ్చింది. దాని స్థానంలో వచ్చే కోర్సుల సిలబస్ రాసేవాళ్లు సెమిస్టర్లు లెక్కేసి సరిపెట్టుకుంటారా, గేటు తీస్తారా అన్నది చూడాలి.

మరి మన తెలుగు రాష్ట్రాల్లో? సికింద్రాబాద్ బోయినపల్లి మనోవికాస్ నగర్‌లో 1984 నుంచి ఉన్న జాతీయ సంస్థ, ఇప్పటి పేరు ఎన్ఐఈపీఐడీ, బుద్ధి వికాసంలో వెనకబడ్డ పిల్లల కుటుంబాలకు ఆవరణలోనే కాటేజీలిచ్చి, అక్కడే ఉంచి తల్లిదండ్రులకు శిక్షణనిస్తుంది. సికింద్రాబాద్‌లోనే స్వీకార్ అకాడమీ, ఎర్రగడ్డలో మానసిక ఆరోగ్య సంస్థ, విశాఖలో పెదవాల్తేరు దగ్గరి ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నాయి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల సమస్యలను చిన్నతనంలోనే పట్టుకోవడానికి జిల్లాల్లో పెట్టిన డైస్ కేంద్రాల్లో ఒక సైకాలజిస్టు ఉండాలని నిబంధన. హైదరాబాద్, విశాఖల్లో ఉన్నవాళ్లకు ఏదో ఒక తలుపు దొరుకుతుంది. కదిరి మనిషికి హైదరాబాద్ కన్నా బెంగళూరు దగ్గర, అందుకే బస్సెక్కుతున్నాడు. ఎక్కడం తప్పేమీ కాదు. మూడు నెలలకొకసారి ఫాలోఅప్ అంటే రెండు రోజుల కూలి, ముగ్గురి చార్జీలు. నాలుగోసారికి మానేస్తారు. ఆ పిల్లాడికి కావాల్సిన మనిషి పక్క మండలంలో ఉండాలి, తెలుగు మాట్లాడాలి, అరిసెల సంగతి అడగాలి.

ప్రయాణానికి ముందు ఒక ఫోను చేసి చూడొచ్చు. 2022 అక్టోబరులో మొదలైన టెలి మానస్ నంబరు 14416. తెలుగులో మాట్లాడతారు, దగ్గర్లో ఎక్కడికి వెళ్లాలో చెబుతారు. బెంగళూరే వెళ్లాల్సి వస్తే పాత చీటీలు, స్కానింగులతో పాటు బిడ్డ బడి నోటు పుస్తకాలు పట్టుకెళ్లండి. అక్షరాల వంకరలో, కొట్టివేతల్లో, ఖాళీ పేజీల్లో చదవడం తెలిసినవాళ్లకు చాలా కనిపిస్తుంది. టీకాల కార్డు దొరికితే మంచిది. బిడ్డను నిజంగా పెంచుతున్నది ఎవరైతే వాళ్లు వెళ్లాలి. నానమ్మ పెంచుతుంటే నానమ్మే. తండ్రులు పని ఉందని ఆగిపోతుంటారు, మొదటిసారైనా వెళ్తే మేలు. ఒక పూటలో తేలే పని కాదు కాబట్టి తిరుగు టికెట్టు ఆ సాయంత్రానికే చేయించుకోకండి.